నెలకోసారి వంద కిలోమీటర్లా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఉదయగిరిలో నాకు చిన్న మందుల కొట్టు ఉంది. బీపీ మాత్రలు కొనేవాళ్లు పట్టపగలు వస్తారు, పక్కనున్న వాళ్లకు తమ బీపీ ఎంతుందో చెప్పుకుంటూ కొంటారు. షుగరువాళ్లు సరేసరి, ఒకరి లెక్క ఒకరు అడుగుతారు. ఇంకో రకం బేరం ఉంది. అది షట్టరు దించే వేళకు వస్తుంది. నాలుగు మడతలు పెట్టిన చీటీని కౌంటరు మీద పెట్టకుండా నా చేతిలో పెట్టి, "నిద్రమాత్రలన్నా" అంటారు. అవి నిద్రమాత్రలు కావు, మనసు జబ్బు మందులని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. ఒకామె అయితే, "అట్ట మీద పేరు కనబడకుండా కత్తిరించి ఈయన్నా, మా ఆడబిడ్డ చదువుకునింది, కనిపెట్టేస్తాది" అంది.

ఆందోళన తగ్గించే డయజిపామ్, ఆల్ప్రజోలామ్ లాంటివి అమ్మితే హెచ్1 రిజిస్టరు అనే ప్రత్యేక పుస్తకంలో రోగి పేరు, రాసిన డాక్టరు పేరు ఎక్కించాలి. 2014 నుంచి ఉన్న నిబంధన ఇది, మంచిదే. కానీ నేను పుస్తకం తెరవగానే "పేరు కూడా రాస్తావా?" అని చీటీ లాక్కుని పోయినవాళ్లున్నారు.

ఏటా అక్టోబరు 10న మానసిక ఆరోగ్య దినమని పిల్లల చేత బ్యానర్లు పట్టించి ఊరేగిస్తారు. "దాచుకోవద్దు, డాక్టరుకు చెప్పండి" అని నినాదాలు. ఆ ర్యాలీల మీద నాకు కోపం లేదు. అయితే కౌంటరు ఇవతల నిలబడి చూసేవాడిగా ఒక మాట చెప్పాలి. ఈ జబ్బు నయం కాదని జనం అనుకోవడం వట్టి మూఢనమ్మకం కాదు. నయమైన మనిషి మళ్లీ పడిపోవడం వాళ్లు కళ్లారా చూస్తున్నారు.

ఒక టైలరు సంగతి చెబుతాను, ఊరూ పేరూ అడగొద్దు. మొదట గాలి సోకిందన్నారు. తాయెత్తులు అయ్యాయి, ఏఎస్ పేట దర్గాలో కొన్నాళ్లు పడుకోబెట్టడం అయింది, చివరికి నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. రిస్పెరిడోన్ అనే మనసు జబ్బు మాత్ర మొదలుపెట్టిన మూడు నెలలకు మళ్లీ మిషనెక్కాడు. పెళ్లిళ్ల సీజనులో రాత్రి పదింటి దాకా జాకెట్లు కుట్టేవాడు. అయితే మందులకు నెలనెలా నెల్లూరు పోవాలి. ఆత్మకూరు, సంగం మీదుగా వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. తొలి బస్సుకు బయల్దేరితే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఆ రోజు అతని పనీ పాయె, తోడొచ్చిన భార్య కూలీ పాయె. మాత్రల ఖరీదు కంటే దారి ఖర్చే ఎక్కువ. ఒక నెల తప్పింది. రెండో నెల "బాగానే ఉన్నాను కదా" అనుకున్నాడు. ఆ తర్వాత తిండి మానేశాడు, రాత్రుళ్లు గోడతో మాట్లాడుతూ కూర్చున్నాడు, ఎవరో పెళ్లికని ఇచ్చిన పట్టుగుడ్డ ముక్కలు ముక్కలు చేశాడు. "ఇంగ్లీషు మందుతో పోయే రోగం కాదని అప్పుడే చెప్తిమి" అంది వీధి వీధంతా. ఆ వీధిలోనే ఇంకో ఇద్దరికి నెల్లూరు వెళ్లమని నేనే నచ్చజెప్పి ఉన్నాను. ఇద్దరూ మానుకున్నారు.

నా తప్పు కూడా ఒప్పుకోవాలి. కాలం చెల్లిన చీటీ మీద ఈ మాత్రలు ఇవ్వకూడదు. ఇవ్వకపోతే ఆ మనిషి మందు ఆపేస్తాడు. కొన్నిసార్లు ఇచ్చాను, కొన్నిసార్లు వెనక్కి పంపాను. రెండు రకాల రాత్రుళ్లూ సరిగా నిద్రపట్టలేదు.

ఇందులో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. దాని 18వ సెక్షను ప్రకారం చికిత్స కోసం రోగి దూరం తిరగాల్సిన పని ఉండకూడదు, ఇంటికి దగ్గర్లోనే దొరకాలి. నిత్యావసర మందుల జాబితాలోని మాత్రలు సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై ఆసుపత్రులన్నిటిలో, అన్నివేళలా, ఉచితంగా ఉండాలి. నేను చెబుతున్నది కొండ మీది ఊళ్ల గురించి కాదు, మండల కేంద్రాల గురించి. చీటీ తెచ్చేవాళ్లు నాతో అనేది మాత్రం "ఈడ లేవంట, నెల్లూరు పొమ్మన్నారు" అనే. ఏ ఆసుపత్రో రాయను. అక్కడి డాక్టర్లనూ తప్పుపట్టను, పైనుంచి రాని మందు వాళ్లెక్కడి నుంచి ఇస్తారు?

మా పల్లెల్లోకి 104 బండి వచ్చి బీపీ, షుగరు మాత్రలు ఇచ్చి పోతుంది. ఆ పెట్టెలో ఇంకో రెండు మూడు రకాలు పట్టవా? నెల్లూరులో డాక్టరు చూసి కుదుటపడ్డాడని రాసిన రోగికి దిగులు జబ్బుకిచ్చే ఫ్లుయోక్సెటీన్, రిస్పెరిడోన్ లాంటివి ఇక్కడే ఇస్తూ, మూడు నెలలకోసారి పెద్దాసుపత్రికి పంపితే చాలు. లిథియం అనే ఇంకో మనసు జబ్బు మందు సంగతి వేరు, దానికి రక్తపరీక్షలు కావాలి, అది బండిలో వద్దు.

దర్గా మాట అన్నానని ఎవరూ నొచ్చుకోవద్దు. మొక్కులు మా ఇంట్లోనూ ఉన్నాయి. తమిళనాడు ఏర్వాడి దర్గా దగ్గర 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయినప్పటి నుంచి, దర్గా దగ్గరికొచ్చే రోగులను ఏం చేయాలనే ప్రశ్న దేశం ముందుంది. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా దగ్గర దువాతో (ప్రార్థనతో) పాటు దవా (మందు) కూడా అంటూ డాక్టర్లను కూర్చోబెట్టారు. దర్గా సేవకులైన ముజావర్లే రోగులను వాళ్ల దగ్గరికి పంపుతారు. ఏఎస్ పేటలో గురువారం, శుక్రవారం ఒక గది, ఒక డాక్టరు, ఒక మందుల పెట్టె ఉంటే మా ఉదయగిరి, ఆత్మకూరు వైపు వాళ్లు నమ్మకాన్నీ వదులుకోనక్కర్లేదు, మందునూ వదులుకోనక్కర్లేదు.

2022 అక్టోబరు నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సాయం నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడుతున్నారు. ఆ నంబరు నా కొట్టు గోడకు అంటించాను, చీటీ వెనక రాసి కూడా ఇస్తున్నాను. మాట సాయం దొరుకుతోంది, సంతోషం. మాత్రకు మాత్రం మళ్లీ బస్సెక్కాల్సిందే. కలెక్టరు గారు, జిల్లా వైద్యాధికారి గారు ఈ లేఖ చూస్తే, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ మందులు ఎన్ని రకాలున్నాయో, ఎన్ని రోజులకు సరిపడా ఉన్నాయో ఒక్కసారి లెక్క అడగమని మనవి.

పేరు వేయొద్దని ప్రార్థన. మీ పేపరు మా ఊళ్లో అందరూ చదువుతారు. నా పేరు పడితే ఆ టైలరెవరో, ఆ అట్ట కత్తిరించుకున్నామె ఎవరో సాయంత్రానికల్లా తేల్చేస్తారు.

ఇట్లు,
ఒక మందుల దుకాణదారు,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా.