కూర్మారావును కోనేట్లో వదలను

శ్రీకాకుళం

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేము క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి ఇప్పుడు కాస్త నయం. మన తాబేలు కూర్మారావు గురించి మొన్న ఫోనులో నువ్వు అన్న మాటకు అప్పుడే జవాబు చెప్పాల్సింది. నీ ఆఫీసు హడావిడిలో నా ఉపన్యాసం ఎందుకులే అని ఊరుకున్నాను. ఉత్తరమైతే "సరే నాన్నా, మళ్లీ చేస్తాను" అని మధ్యలో పెట్టేయడానికి వీలుండదు కదా.

"ఈ వయసులో మీకు దాని చాకిరీ ఎందుకు, శ్రీకూర్మం తీసుకెళ్లి వదిలేయండి, తాబేళ్లకు అక్కడ గుడే ఉంది" అన్నావు. మా మీద ప్రేమకొద్దీ అన్నావని తెలుసు. శ్రీకూర్మం మనకు దూరమేమీ కాదు, ఆటోలో పోయి మధ్యాహ్నం భోజనానికి వచ్చేయవచ్చు. అయితే ఆ గుడి ఆవరణలో పెంచేవి నక్షత్ర తాబేళ్లు. అవి మెట్ట నేల మీద బతుకుతాయి, ఆకులూ గడ్డీ మేస్తాయి, లోతు నీళ్లలో పడితే మునిగిపోతాయి. మన కూర్మారావుకు నీళ్లు లేకపోతే ముద్ద కూడా దిగదు. నోట్లో లాలాజలం ఊరదు కాబట్టి ఏం తిన్నా తల నీళ్లలో ముంచే మింగాలి. ఈ రెండింటినీ ఒక దొడ్డిలో పెట్టడం ఇద్దరికీ అన్యాయమే. పైగా మనదాని ఒంట్లో ఉన్న క్రిములు వాటికి, వాటివి మనదానికి అంటుకుంటాయి.

అయితే పక్కనే గుడి కోనేరు, శ్వేత పుష్కరిణి ఉంది, అందులో వదలండి అంటావు. అసలు చిక్కు అక్కడే. చెవి దగ్గర ఎర్రచార ఉన్న ఈ జాతికి రెడ్ ఇయర్డ్ స్లైడర్ అని పేరు. దాని పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. అక్కడి ఫారాల్లో లక్షల కొద్దీ పిల్లలను పొదిగించి దేశదేశాలకూ అమ్మారు. చిన్నప్పుడు ముద్దుగా ఉంటే కొన్నవాళ్లు, పెరిగాక ఏం చేయాలో తోచక దగ్గర్లో ఉన్న చెరువులో వదిలారు. వదిలింది వదిలినట్టు బతికేసింది, అదే వచ్చిన తంటా. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో దీని పేరు ఎక్కింది. ఎండ కాచుకునే రాయి మీద చోటు దగ్గర నుంచి తిండి దాకా అన్నిటికీ స్థానిక తాబేళ్లతో పోటీకి దిగుతుంది, తోసేస్తుంది. మన దేశంలోనూ గువాహటిలోని ఉగ్రతార గుడి కోనేట్లో 2018లో ఈ జాతి తాబేలు బయటపడింది. ఎవరో భక్తితోనే వదిలి ఉంటారు. ఐరోపా సమాఖ్య 1997లోనే దిగుమతి ఆపేసింది. జపాన్‌లో 2023 జూన్ నుంచి దీన్ని అమ్మడమూ బయట వదలడమూ నేరం, ఇంట్లో ఉన్నదాన్ని మాత్రం పెంచుకోవచ్చు. ఇంతవరకూ ఈ విషయంలో నేను విన్న చట్టాల్లో ఇదే తెలివైనదనిపించింది. బాధ్యతను కొన్నవాడి నెత్తినే పెట్టింది.

మనది ఒంటరిది, పిల్లలు పెట్టదులే అంటావేమో. ఇంకో ఇంటివాళ్లు అదే మాట అనుకుని అదే కోనేట్లో ఒక మగదాన్ని వదిలి ఉండరని నాకు నమ్మకం లేదు.

మగదాన్ని అన్నాను చూశావా. నీకు చెప్పని కబురు ఒకటుంది. మన కూర్మారావు ఆడది. ముందు కాళ్ల గోళ్లు పొట్టిగా, తోక చిన్నగా ఉండటం చూసి నాకు కొంతకాలంగా అనుమానమే. ఈ జాతిలో మగవాటికి ముందు గోళ్లు చాలా పొడుగు, వాటిని ఆడదాని మొహం ముందు వణికించి సరసమాడతాయట. ఆ అనుమానం వేసవిలో తీరింది. తిండి మానేసింది, టబ్బులోంచి ఎక్కి బయట పడాలని ఒకటే తంటాలు, ఎండ కాచుకునే చెక్క మీద వెనక కాళ్లతో గీకడం. జబ్బు చేసిందని మీ అమ్మ దిష్టి తీసింది. నేను ఒక పెద్ద తొట్టిలో జానెడు లోతున తడి ఇసుకా మట్టీ కలిపి పోసి, దాన్ని అందులో దించి, వరండా తలుపు దగ్గరకు వేసి కిటికీలోంచి చూశాను.

చూడదగ్గ పని అది, బుజ్జీ. ఒక వెనక కాలితో మట్టి తోడి పక్కన పెడుతుంది, తర్వాత రెండో కాలు. తల వెనక్కి తిప్పి చూడదు, అంతా కాళ్ల స్పర్శతోనే. నేల గట్టిగా తగిలితే ఒంట్లోని నీళ్లు వదిలి మెత్తబరుచుకుంటుంది. గొయ్యి కూజా ఆకారంలో, పైన ఇరుకు, అడుగున వెడల్పు. తెల్లగా కోలగా ఉన్న గుడ్లు ఒక్కొక్కటే జారవిడుస్తూ, ప్రతిదాన్నీ వెనక పాదంతో సర్దింది. చివర్లో మట్టి కప్పి, పొట్ట కింది డిప్పతో అదిమి, ఏమీ ఎరగనట్టు నీళ్ల వైపు నడిచింది. మగ తోడు లేకపోయినా పెరిగిన ఆడ తాబేలు గుడ్లు పెడుతుంది, వాటిలో పిల్ల ఉండదు. మట్టి దొరక్క గుడ్లు లోపలే ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుంది, అప్పుడు ఎక్స్‌రే, ఆపరేషను. అందుకే ఆ తొట్టి ఇప్పుడు వరండాలో శాశ్వతంగా ఉంది. అందులో కొత్తిమీర చల్లుకుంటానని మీ అమ్మ అడిగితే కుదరదన్నాను. ఆవిడ మాత్రం ఆ రోజు నుంచి దాన్ని కూర్మమ్మ అంటోంది. నాకు పాత పేరే నోటికొస్తుంది.

ఇక చాకిరీ మాట. ఉద్యోగమంతా మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకుల చుట్టూ తిరిగి రిటైరైనవాణ్ణి, ఇంకో ట్యాంకు నాకు భారం కాదు. నువ్వు తెచ్చిన రోజు ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు ఉన్న చిన్న డబ్బాలో వచ్చింది. "ఇంతే ఉంటుంది, వాస్తుకు మంచిది" అని దుకాణంవాడు చెప్పాడన్నావు. ఇప్పుడు డిప్పే 9 అంగుళాలు. అంగుళానికి 40 లీటర్లు ఉండాలని లెక్క, అంటే 360 లీటర్లు. గాజు తొట్టి మానేసి నల్లటి ప్లాస్టిక్ టబ్బు తెప్పించి కింద వరండాలో పెట్టించాను. నీళ్ల బరువే మూడు వందల అరవై కిలోలు కదా, నువ్వు అద్దెకుంటున్న మూడో అంతస్తు బాల్కనీలో ఇలాంటిది పెట్టించాలని మాత్రం ఎప్పుడూ అనుకోకు.

ఆ నీళ్లను పాడు చేసేది అదే. తిన్నది అక్కడే వదులుతుంది, ఆ మలంలోంచి అమ్మోనియా పుడుతుంది. ఫిల్టరు స్పాంజిలో పెరిగే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత హాని తక్కువైన నైట్రేట్‌గా మారుస్తుంది. స్పాంజిని కుళాయి కింద శుభ్రంగా కడిగామా, క్లోరిన్‌కు ఆ బ్యాక్టీరియా చచ్చి రెండు రోజుల్లో వాసన మొదలవుతుంది. అందుకని టబ్బులోంచి తీసిన నీళ్లలోనే స్పాంజి పిండుతాను. వారానికోసారి పావు వంతు నీళ్లు మారుస్తాను. కొత్త నీళ్లను ముందు రోజే డ్రమ్ములో పట్టి మూత తీసి ఉంచుతాను, క్లోరిన్ ఎగిరిపోతుంది. తీసిన నీళ్లు మామిడి మొక్కకు. ఈసారి అది ఎలా కాసిందో అమ్మనే అడుగు.

తిండి సంగతి చిన్నదే. చిన్నప్పుడు పురుగులూ చేపలూ ఎక్కువ తినే ఈ జాతి, పెద్దయ్యాక ఆకుకూరల వైపు మళ్లుతుంది. రోజు విడిచి రోజు గుప్పెడు పెల్లెట్లు, మిగతా రోజుల్లో తూటికూర. పాలకూర పెట్టను, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. డబ్బాల్లో అమ్మే ఎండు రొయ్యలంటే దానికి ప్రాణం కానీ వాటితోనే కడుపు నింపితే డిప్ప గట్టిపడదు. నన్ను చూడగానే టబ్బు అంచుకు వచ్చి మెడ చాచి ఆకలో ఆకలి అన్నట్టు నీళ్లు కొడుతుంది. నమ్మకూడదు. ఎప్పుడూ అంతే. తొడల దగ్గర కండ ఉబ్బి డిప్పలోకి కాళ్లు పట్టని స్థితి వస్తే మనం ఎక్కువ పెట్టినట్టు.

నేను రాజీపడని సంగతి వెలుతురు. ఎండలోని యూవీబీ కిరణాలు తగిలితేనే ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది, అది లేకపోతే ఎంత కాల్షియం పెట్టినా ఎముకకు చేరదు, డిప్ప మెత్తబడి వంకర్లు తిరుగుతుంది. కిటికీ పక్కన పెట్టాం కదా అంటే చాలదు, గాజు ఆ కిరణాలను ఆపేస్తుంది. అందుకని చెక్క పైన యూవీబీ ట్యూబులైటూ, వేడికి మామూలు బల్బూ. చెక్క మీద 32 డిగ్రీలు, నీళ్లు 25 ఉండేలా చూస్తాను. డిసెంబరు రాత్రుళ్లు హీటరు వేస్తాను, దాని గాజు గొట్టాన్ని పగలగొట్టకుండా చుట్టూ జాలీ కట్టాను. డిప్పకు కొబ్బరినూనె రాయమని పక్కింటావిడ సలహా ఇచ్చింది. డిప్ప అంటే బతికున్న ఎముక, గోకితే దానికి తెలుస్తుంది. పైపొరలు వాటంతటవే పలచటి రేకుల్లా ఊడతాయి. నూనె రాస్తే వాటి కింద తడి నిలిచి కుళ్లడం మొదలవుతుంది. ఆవిడకు ఇదంతా చెప్పలేదు, రాస్తాం లెండి అన్నాను.

ఒకటి గట్టిగా చెప్పాలి. మీ అన్నయ్య పాప వచ్చినప్పుడు దాన్ని ముట్టుకోనివ్వం. ఆరోగ్యంగా కనిపించే తాబేలు ఒంటి మీదా సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. దీని వల్ల పసిపిల్లలు జబ్బు పడుతున్నారనే అమెరికాలో 4 అంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించారు. దాని సామాను ఏదీ వంటింటి సింకులోకి రాదు, పెరటి కుళాయి దగ్గరే కడగడం, తర్వాత చేతులకు సబ్బు. పాపకు కోపం వచ్చింది, వస్తే రానీ.

ఇప్పుడు నిన్ను కూర్చోబెట్టి చెప్పాలనుకున్న లెక్క. సరిగ్గా చూసుకుంటే ఈ జాతి 30 ఏళ్లు, ఒక్కోసారి 40 కూడా బతుకుతుంది. కూర్మారావుకు ఇంకా పదేళ్లు నిండలేదు. నాకు అరవై మూడు. నేనిలా రాస్తే అమ్మ కోప్పడుతుంది కానీ, ఇది తీసివేతే, అపశకునం కాదు. ఓపిక ఉన్నంత కాలం నేను చూస్తాను, ఆ మాట మీద నువ్వు బెంగ పెట్టుకోనక్కర్లేదు. తర్వాత అది నీది. ఇల్లు కొనే ఆలోచన ఉందన్నావు కదా, కింది అంతస్తో, కాస్త పెరడో ఉన్నది దొరుకుతుందేమో చూడు. లేదంటే తాబేళ్లు పెంచడం తెలిసిన మనిషిని ఇప్పటి నుంచే వెతుకు, వాళ్ల టబ్బు నేను స్వయంగా వచ్చి చూస్తాను. మీ ఊళ్లో పాములకూ తాబేళ్లకూ వైద్యం చేసే పశువైద్యులు ఎవరున్నారో కనుక్కో. ఒక పక్కకు ఒరిగి తేలుతున్నా, ముక్కులో బుడగలు వస్తున్నా ఊపిరితిత్తుల జబ్బని గుర్తు, అప్పుడు వెతుక్కుంటూ కూర్చునే వ్యవధి ఉండదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు 5.0 అని రాసి ఉండే యూవీబీ ట్యూబు ఒకటి తీసుకురా, రెండడుగులది. పాతది ఇంకా వెలుగుతూనే ఉంది కానీ ఏడాది దాటితే వెలుగే మిగులుతుంది, అందులోంచి కిరణాలు రావు. బిల్లు పారేయకు, పోయినసారి వచ్చింది వారానికే మాడిపోయింది.

ఇట్లు
నాన్న