చప్పుడు తగ్గిన తుపాకీ

నాషువా, అమెరికా,
శనివారం రాత్రి

ఒరేయ్ రాఘవా,

నీ ఉత్తరం అంది రెండు వారాలైంది. జవాబు ఆలస్యం కావడానికి కారణం ఆఫీసు కాదు, ఒక తుపాకీ. కంగారు పడకు, రంగు గోళీలు పేల్చే పెయింట్‌బాల్ తుపాకీ. ఇక్కడ దాన్ని మార్కర్ అంటారు. అడవిలో చెట్లకు దూరం నుంచే రంగు గుర్తు వేయడానికి వాడిన పనిముట్టు కదా, ఆ పేరే నిలిచిపోయింది.

నాది పాతది, చవకగా దొరికింది. పేలిస్తే దీపావళి నాటి మన వీధి గుర్తొచ్చేది. పొద వెనక నక్కి ఒక్క గోళీ వదిలితే చాలు, ఎదుటి జట్టంతా నా వైపే తిరిగేది. పైగా సగం ఆటకే గాలి సీసా ఖాళీ. ఇవి రెండు వేర్వేరు జబ్బులనుకున్నాను. విప్పి చూస్తే జబ్బు ఒకటే. గోళీని తోయాల్సిన గాలి ఊరికే బయటపడుతోంది, ఆ వృథాయే సగం చప్పుడు.

అసలు దొంగ గొట్టం. గోళీ 0.68 అంగుళాలని పేరే గానీ పెట్టెకూ పెట్టెకూ తేడా ఉంటుంది. చెమ్మ తగిలితే జెలటిన్ తొక్క ఉబ్బుతుంది కూడా. గొట్టాన్ని ఊడదీసి, నిలువుగా పట్టుకుని, వెనక వైపు నుంచి గోళీ వేసి చూడాలి. అది అక్కడే ఆగి, నోటితో 'ఫూ' అని ఊదితే బయటికి రావాలి. నాదేమో బావిలో చెంబు పడ్డట్టు జారిపోయింది!

గోళీ సైజుకు తగ్గట్టు లోపలి తొడుగులు మార్చుకునే గొట్టం కొన్నాను. పాత గొట్టంతో, లోపలి సుత్తిని తోసే స్ప్రింగు ఎంత బిగించినా వేగం సెకనుకు 270 అడుగులు దాటేది కాదు. కొత్తది పెట్టి పేలిస్తే వేగం కొలిచే యంత్రం 305 చూపించింది. మైదానంలో ఒప్పుకునే వేగం 280 దాకానే. స్ప్రింగు మర వదులు చేస్తూ 275కి దించాను. వదులు చేసిన ప్రతి చుట్టుకూ గాలి ఆదా, చప్పుడూ తక్కువ. ఆ సాయంత్రం నా మొహం నువ్వు చూడాల్సింది.

కొత్త గొట్టం చివర జల్లెడలా రంధ్రాలున్నాయి. గాలి వాటిలోంచి కొద్దికొద్దిగా వెళ్లి 'ఠప్' కాస్తా 'టుఫ్' అవుతుంది. అత్యాశకు పోయి వెనక వైపు కూడా వేద్దామని డ్రిల్లు తీశాను. మైదానంలో ఒక పెద్దాయన ఆపాడు. గోళీ ఊపు అందుకునేదే అక్కడ, చిల్లు పెడితే తోసే గాలే పోతుందన్నాడు. విడిగా సైలెన్సర్ బిగించే ఊసు మాత్రం ఈ దేశంలో ఎత్తకూడదు, చట్టంతో చెలగాటం. ఇక లోపలి సుత్తి కొట్టుకునే టకటక మిగిలింది. దానికి ఒక రబ్బరు ఉంగరం వేశాను, కొంత నయం.

ఈ ఆట మొదటిసారి ఆడింది మాకు దగ్గర్లోని హెనికర్ అడవిలోనే, 1981 జూన్ 27న, 12 మంది. గెలిచిన రిచీ వైట్ ఒక్క గోళీ కూడా పేల్చకుండా జెండాలన్నీ పట్టుకొచ్చాడు. అంతకన్నా నిశ్శబ్దమైన తుపాకీ నేనెక్కడ చేయగలను?

అన్నట్టు, నీ స్కూటర్ సైలెన్సర్ చిల్లు పూడ్పించావా, లేక నువ్వు వస్తున్నావని సందు మొదట్లోనే ఇంకా అందరికీ తెలిసిపోతోందా?

నీ
శ్రీను