మలద్వార క్యాన్సర్ చికిత్సలో నాకు తోడుగా నిలిచినవారికి కృతజ్ఞతలు

మలద్వార క్యాన్సర్‌కు నా చికిత్స పూర్తయి, కణితి ఆనవాలు కనిపించడం లేదని వైద్యులు చెప్పిన ఈ సందర్భంలో, నాకు సాయపడిన వారందరికీ బహిరంగంగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. వ్యాధి పేరు చెప్పకుండానే ఈ నాలుగు మాటలూ రాయవచ్చు గానీ, అప్పుడు వీరు చేసిన మేలు ఏమిటో చదివేవారికి తెలియదు.

రక్తం పడుతోందని, దురదగా ఉందని చెప్పినప్పుడు మొలలేనని మందు రాసి పంపేయకుండా, స్వయంగా వేలితో పరీక్షించి, గట్టిగా తగిలిన చోటి నుంచి బయాప్సీకి ముక్క తీసిన శస్త్రవైద్యురాలికి మొదటి నమస్కారం. ఇది స్క్వామస్ కణాల (చర్మం పైపొరలో ఉండేలాంటి చదునైన కణాల) క్యాన్సర్ అని, పురీషనాళంలో సాధారణంగా వచ్చే క్యాన్సర్‌కూ దీనికీ చికిత్స వేరని, గజ్జల్లోని లింఫు గ్రంథులకు పాకిందేమో చూడడానికే ఎంఆర్‌ఐ, పెట్ స్కాన్ అవసరమని ఓపికగా వివరించింది కూడా ఆవిడే. ఈ వ్యాధి వచ్చినవారిలో దాదాపు పదికి తొమ్మిది మందిలో హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిల్లోమా) వైరస్సే కారణమని, అది చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకి, ఎక్కువమందిలో దానంతటదే పోతుందని, కొందరిలో మాత్రం ఏళ్ల తరబడి నిలిచి కణాలను మారుస్తుందని ఆవిడ మా ఇంటివారి ఎదుటే చెప్పారు. దానితో ‘ఎలా వచ్చింది’ అన్న ఆరా మా ఇంట్లో మళ్లీ తలెత్తలేదు. మందులు చేయలేని పని అది.

ఆపరేషన్ చేసి పొట్ట మీద మలం కోసం శాశ్వతంగా సంచి పెడతారన్న భయంతో వెళ్లిన నాకు, రేడియేషన్ వైద్యులు ఈ చికిత్స పుట్టిన తీరును చెప్పారు. అమెరికాలోని డెట్రాయిట్‌లో నార్మన్ నైగ్రో అనే శస్త్రవైద్యుడు, కోతకు ముందు కణితి చిన్నదైతే చాలన్న ఉద్దేశంతో కొద్దిమందికి రేడియేషన్, కీమోథెరపీ కలిపి ఇచ్చి, తరువాత ఆపరేషన్‌లో తీసిన భాగాల్లో చూస్తే క్యాన్సరే మిగలలేదట. ఆయన 1974లో ఆ సంగతి ప్రచురించారు. ఇప్పటికీ వ్యాధి దూరంగా వ్యాపించనివారిలో చాలామందికి అదే ప్రధాన చికిత్స: వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాల రేడియేషన్, దానితోపాటు మైటోమైసిన్, ఫ్లోరోయురాసిల్ అనే కీమో మందులు. ఫ్లోరోయురాసిల్‌కు బదులు కొందరికి కేపెసిటబిన్ మాత్రలు ఇస్తారు.

ఆ రేడియేషన్ వైద్యులకు నేను మరింత రుణపడింది చికిత్స ముగిశాక. తొలి పరీక్షలో గట్టిదనం ఇంకా మిగిలి ఉందని తెలిసి, ఇక కోత తప్పదేమోనని ఇంటిల్లిపాదీ తొందరపడినప్పుడు, పెరగనంతకాలం ఆగవచ్చని, చికిత్స మొదలైన నాటి నుంచి 26 వారాల వరకూ కణితి కరుగుతూనే ఉండవచ్చని, తొందరపడి కోస్తే అక్కర్లేని ఆపరేషన్ అవుతుందని, అప్పటికీ మిగిలితేనో, తిరిగి వస్తేనో శస్త్రచికిత్స మార్గం ఉండనే ఉంటుందని అడిగిన ప్రతిసారీ విసుక్కోకుండా చెప్పారు. చికిత్సను భరించడం కన్నా ఆ ఎదురుచూపు కష్టమనిపించింది.

గజ్జల్లో చర్మం ఎర్రబడి ఊడిపోయిన రోజుల్లో గోరువెచ్చని నీటిలో కూర్చోబెట్టి, మలవిసర్జన నొప్పికి, విరేచనాలకు సిగ్గుపడకుండా చెప్పుకునేలా చేసి, తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు జ్వరం వస్తే ఏ వేళైనా ఫోన్ చేయమన్న నర్సులకు, రోజూ ఒకే భంగిమలో పడుకోబెట్టి పరదా చాటున నా మర్యాద కాపాడిన రేడియేషన్ సాంకేతిక సిబ్బందికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. రాత్రిళ్లు మేలుకుని నన్ను కనిపెట్టుకున్న అక్కకు ఇక్కడ ప్రత్యేకంగా ఏమీ రాయను. రాస్తే ఆమె కోప్పడుతుంది.

ఇక కొన్ని నెలలకోసారి వేలితో పరీక్ష, గజ్జల పరిశీలన, అవసరమైతే స్కాన్ కొనసాగుతాయి. ఇదే చికిత్స మొదలుపెట్టబోయేవారు ఎవరైనా ఉంటే, చర్మ సంరక్షణ గురించి, ఆ వారాల దినచర్య గురించి నన్ను నిస్సంకోచంగా అడగండి. మందుల విషయం మాత్రం మీ వైద్యులనే అడగాలి.