‘వెరిఫైడ్’ ముద్ర వేసింది మీరు, జవాబు చెప్పాల్సిందీ మీరే

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: మీ యాప్‌లో ‘వెరిఫైడ్’ గుర్తు ఉన్న కాంట్రాక్టర్ చేసిన నాసిరకం పని, ఆ గుర్తు ఇవ్వడంలో మీ సంస్థ లోపం, నష్టపరిహారం గురించి.

అయ్యా/అమ్మా,

విశాఖపట్నం పెదవాల్తేరులోని మా ఇంట్లో రెండు బాత్రూములు, వంటగది మార్పించడానికి, స్లాబు పెచ్చులు బాగుచేయించడానికి మీ యాప్ ద్వారా ఒక కాంట్రాక్టర్‌ను కుదుర్చుకున్నాం. పనికి 4,60,000 రూపాయలు చెల్లించాం. అది కాక ‘అష్యూరెన్స్ ఫీజు’ పేరుతో నేరుగా మీ సంస్థకే 9,000 కట్టాం. పని పాడైంది. కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడం లేదు. మీ కస్టమర్ కేర్‌కు ఫిర్యాదు చేస్తే, మీరు మధ్యవర్తులు మాత్రమేననీ, పని నాణ్యతతో మీకు సంబంధం లేదనీ రాసి మా ఫిర్యాదును మూసేశారు. ఆ జవాబును నేను ఒప్పుకోవడం లేదు. ఎందుకు ఒప్పుకోనో వివరంగా రాస్తున్నాను, దయచేసి చివరి వరకూ చదవండి.

మా వీధిలో ఎవరైనా ఒక మేస్త్రీ పేరు చెప్పారంటే, రేపు పని చెడితే ఆయన కన్నా ముందు ఆ పేరు చెప్పిన మనిషే మా గుమ్మంలోకి వస్తారు. “నా మాట మీద పెట్టుకున్నారు, నేనే మాట్లాడతాను” అంటారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు మా పిట్టగోడ, సన్‌షేడ్లు దెబ్బతిన్నప్పుడు ఊరంతా మేస్త్రీలకు కరువే. అప్పుడు కూడా పక్కింటివాళ్ళు పంపిన మనిషే వచ్చి నిజాయితీగా పని చేసి వెళ్ళాడు. ఆయన ఇప్పుడు పెద్దవాడైపోయి పని మానేశాడు. అలాంటి మాట ఇచ్చే మనుషులు దొరకని చోట, ఆ మాట మేమిస్తాం అంటూ మీరు వచ్చారు. దానికి డబ్బు తీసుకున్నారు. కాబట్టి మేం మీ దగ్గర కొన్నది కాంట్రాక్టర్ ఫోన్ నంబరు కాదు, మీ మాట.

ఆ మాటలో ఏముందో చూద్దాం. పని మొదలుకాక ముందు మీ ప్రతినిధిని నేను సూటిగా అడిగాను, ‘వెరిఫైడ్’ అంటే ఏం చూస్తారు అని. జీఎస్టీ రిజిస్ట్రేషన్, గుర్తింపు పత్రాలు, ఇదివరకు చేసిన పనులు, ఆ ఇళ్ళవాళ్ళ అభిప్రాయాలు అన్నీ చూశాకే గుర్తు ఇస్తామని ఆయన చెప్పారు. అదే సంగతి చాట్‌లో రాసి కూడా పంపారు. ఆ చాట్ నా దగ్గర ఉంది.

ఇప్పుడు కాంట్రాక్టర్ ఇచ్చిన బిల్లు చూడండి. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. ఈ బిల్లు మీద ఉన్న నంబరు 36తో మొదలవుతుంది. తెలంగాణలో నమోదైన వ్యాపారి విశాఖలోని ఇంటికి పని చేస్తే ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటిన వ్యాపారానికి వేసే పన్ను, వేయాలి. ఇందులో ఒకే రాష్ట్రం లోపలి పనికి వేసే సీజీఎస్టీ 9 శాతం, ఎస్‌జీఎస్టీ 9 శాతం అని వేశారు. ఇది తేడాగా ఉందని జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి చూశాను. రిజిస్ట్రేషన్ రద్దయినట్టు చూపిస్తోంది, అది కూడా మా పని మొదలవడానికి చాలా ముందు తేదీతో. ఆ పోర్టల్‌లో వెతకడానికి లాగిన్ కూడా అక్కర్లేదు, ఎవరైనా చూడవచ్చు. పన్ను పేరుతో మా దగ్గర వసూలు చేసిన 18 శాతం ఎక్కడికి పోయిందో ఆ కాంట్రాక్టర్ చెప్పాలి. రద్దయిన నంబరు ఉన్న మనిషికి గుర్తు ఎలా ఇచ్చారో మాత్రం మీరు చెప్పాలి.

‘ఇదివరకు చేసిన పనులు’ అన్నదీ ఇలాగే ఉంది. మధురవాడలో చేశామని ఆ కాంట్రాక్టర్ మీ యాప్‌లోని తన పేజీలో పెట్టిన వంటగది ఫొటో, అదే యాప్‌లో ఇంకో కాంట్రాక్టర్ పేజీలో గాజువాకలో చేసిన పనిగా ఉంది. అదే టైల్స్, అదే కిటికీ, కిటికీలోంచి కనిపించే చెట్టు కూడా అదే. రెండు పేజీల స్క్రీన్‌షాట్లు జతచేస్తున్నాను. ఫొటోలో ఉన్న ఒక్క ఇంటికైనా మీవాళ్ళు ఎవరైనా వెళ్ళి చూశారా? ఆ ఇంటివాళ్ళతో ఫోన్లోనైనా మాట్లాడారా?

ఇక పని విషయం. అన్నిటికన్నా పెద్ద నష్టం స్లాబుది. మా ఇల్లు సముద్రానికి దగ్గర, మా మామగారు పోర్టులో ఉద్యోగం చేసే రోజుల్లో కట్టించినది. విశాఖలో సముద్రం పక్కనున్న పాత ఇళ్ళు చూసినవాళ్ళకు ఈ సమస్య చెప్పనక్కర్లేదు. ఉప్పు గాలి, చెమ్మ ఏళ్ళ తరబడి కాంక్రీటులోకి దిగి లోపలి ఊచలకు తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది. కాబట్టి పైపైన సిమెంటు పూస్తే లాభం లేదు. వదులుగా ఉన్న కాంక్రీటంతా గట్టి భాగం తగిలే వరకూ, ఊచల వెనక వైపు కూడా కొట్టేయాలి. తుప్పును వైర్ బ్రష్షుతో పూర్తిగా గీకాలి. ఊచ మరీ సన్నబడితే పక్కన కొత్తది కలపాలి. తుప్పు పట్టకుండా కోటింగ్ వేసి, పాత కాంక్రీటుకు కొత్తది అంటుకునే మందు రాసి, ఆ తర్వాత పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపాలి. ఈ పనులన్నీ కొటేషన్‌లో ఒక్కొక్కటిగా రాసి ఉన్నాయి. అన్నిటికీ విడివిడిగా రేటు కట్టారు.

జరిగింది ఏమిటంటే, రాలే పెచ్చులు మాత్రం తీసేసి, తుప్పు ఊచల మీదే మామూలు సిమెంటు, ఇసుక కలిపి పూసేసి, పైన పుట్టీ, రంగు వేశారు. కంటికి నున్నగా ఉంది. మొదటి వానాకాలం దాటకుండానే రంగు మీద గోధుమరంగు మరకలు, వాటి చుట్టూ సన్నని పగుళ్ళు వచ్చాయి. అప్పుడు ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలిపించాం. ఆయన ఒకచోట పూత తీయించి చూపించారు. ఊచ మీద తుప్పు పొరలు పొరలుగా అలాగే ఉంది, కోటింగ్ అన్నదాని జాడ లేదు. ఆయన రిపోర్టు కూడా జతచేశాను. అది అత్తయ్యగారు పడుకునే గది. మంచాన్ని గోడ వైపుకు జరిపి, ఆ మూల కిందికి ఎవరూ వెళ్ళకుండా చూసుకుంటున్నాం. తల మీద పెచ్చు పడితే ఏమవుతుందన్న టెన్షన్‌తో ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర ఉండటం లేదు.

అదే గదికి పై బాత్రూం నుంచి నీళ్ళు దిగుతున్నాయి. వాటర్‌ప్రూఫింగ్ చేశాక, టైల్స్ వేయడానికి ముందు పైపుల మూతులు బిగించి, నీళ్ళు నిలబెట్టి కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు కింద చెమ్మ వస్తుందేమో చూడాలి. ఆ పరీక్ష చేయాలని కొటేషన్‌లో ఉంది. నేను అడిగితే, మా మందు మంచిది, అవసరం లేదు అన్నారు, మర్నాడే టైల్స్ వేసేశారు. ఈ విషయం అదే రోజు మీ ప్రతినిధికి మెసేజ్ పెట్టాను. ‘చూస్తాం’ అని జవాబు వచ్చింది. ఎవరూ రాలేదు. ఆ రోజు మీ సూపర్‌వైజర్ వచ్చి ఒక్క బకెట్టు నీళ్ళు పోయించినా ఈ నష్టంలో సగం ఆగేది.

కింద బాత్రూంలో అత్తయ్యగారి కోసం గోడకు పట్టుకునే స్టీలు రాడ్లు పెట్టించాం. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, పట్టు లేకుండా లేవలేరు. టైల్స్ వెనక సిమెంటు నిండుగా పెట్టలేదు, వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తోంది. ఒక రాడ్డు టైల్‌తో సహా ఊడి వచ్చింది. మా అమ్మాయి పక్కనే ఉండి పట్టుకుంది కాబట్టి ఆవిడ పడలేదు. దీన్ని మీ కస్టమర్ కేర్ ‘చిన్న ఫినిషింగ్ సమస్య’ అని నమోదు చేసుకుంది. ఎనభై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి బాత్రూంలో పడితే ఏమవుతుందో తెలిసినవాళ్ళెవరూ ఆ మాట రాయరు. ఆ మాటను వెనక్కి తీసుకోండి.

వంటగది గురించి ఎక్కువ రాయను. కొటేషన్‌లో తడిని తట్టుకునే ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్ అని ఉంది, డబ్బు ఆ రేటుకే తీసుకున్నారు. సింకు కింది తలుపు ఉబ్బితే విప్పి చూశాం, లోపలి ముద్ర ఐఎస్ 303. అది మామూలు అవసరాలకు వాడే రకం, మెరైన్ ప్లైవుడ్ కాదు.

డబ్బు చెల్లింపు గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే అది పూర్తిగా మీరు పెట్టిన పద్ధతి. మీ ఒప్పందం ప్రకారం 50 శాతం ముందు, 40 శాతం సామాను దిగగానే, మిగతా 10 శాతం పని అయ్యాక. అంటే ఒక్క టైల్ అంటించకముందే 90 శాతం చేతులు మారుతుంది. పని ఎంత అయితే అంత డబ్బు ఇస్తాను, పాతది కొట్టేశాక కొంత, వాటర్‌ప్రూఫింగ్ పరీక్ష అయ్యాక కొంత, టైల్స్ అయ్యాక కొంత అని నేను అడిగాను. ఫార్మాట్ మార్చడం కుదరదని మీ ప్రతినిధి అన్నారు. ఇంటి పనిలో యజమాని చేతిలో ఉండే ఒకే ఒక్క పట్టు ఇంకా ఇవ్వని డబ్బు. ఆ పట్టును మీ ఒప్పందమే మా చేతుల్లోంచి లాగేసింది. కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తకపోవడానికి అసలు కారణం కూడా అదే, ఆయనకు మా దగ్గర రావలసింది దాదాపు ఏమీ లేదు.

ఇదంతా ఫొటోలతో రివ్యూగా రాస్తే మీ యాప్ దాన్ని ‘పరిశీలనలో ఉంది’ అని దాచేసింది. ఇప్పటికీ ఆ కాంట్రాక్టర్ పేజీలో ఐదు నక్షత్రాల రివ్యూలే కనిపిస్తున్నాయి, వాటిలో మూడింటిలో వాక్యాలు కూడా ఒకటే. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలో, ఎలా ప్రచురించాలో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022లోనే ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. మీరు దాన్ని పాటిస్తున్నారో లేదో రాతపూర్వకంగా చెప్పండి. నిన్ననే మా కాలనీలో ఒకావిడ అదే పేజీ చూపించి, ఈయన్ని పెట్టుకోవచ్చా అని నన్ను అడిగారు. అడిగారు కాబట్టి చెప్పగలిగాను. అడగనివాళ్ళ సంగతి ఏమిటి?

కాబట్టి నాకు కావలసింది ఇది. ఈ కాంట్రాక్టర్‌కు గుర్తు ఇచ్చేటప్పుడు ఏ పత్రాలు, ఏ తేదీన, ఎవరు చూశారో ఆ వివరాలు పంపండి. మీరు నియమించే, ఆ కాంట్రాక్టర్‌తో సంబంధం లేని ఇంజనీర్ వారం లోపల వచ్చి స్లాబును చూడాలి, ఎందుకంటే అది ప్రాణాల మీది సంగతి. మా ఇంజనీర్ రిపోర్టులో స్లాబు, రెండు బాత్రూములు తిరిగి చేయడానికి వేసిన అంచనా ఉంది, ఆ మొత్తాన్ని, ప్లైవుడ్ రేటులో తేడాను, మీ 9,000 ఫీజును మీ సంస్థ చెల్లించాలి. కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకుంటారో లేదో అది మీ ఇద్దరి మధ్య విషయం. విచారణ తేలే వరకూ ఆయన పేజీ మీది గుర్తు తీసేయండి, నా రివ్యూ కనిపించేలా చేయండి. అదే మనిషిని మళ్ళీ మా ఇంటికి పంపి సరిచేయిస్తామనే ప్రతిపాదన మాత్రం వద్దు, ఆ చేతులతో ఇంకో పూత మాకు అక్కర్లేదు.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం మీరు ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల లోపల పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీ మీద, కాంట్రాక్టర్ మీద కలిపి కేసు వేస్తాను. 2019 చట్టం ప్రకారం నేను ఉంటున్న ఊళ్ళోనే కేసు వేయవచ్చు, మీ ప్రధాన కార్యాలయం ఉన్న నగరానికి రావలసిన పని లేదు. మేం చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి కమిషన్‌లో ఫీజు కూడా లేదు. మా ఫిర్యాదును మూసేస్తూ మీరు పంపిన ఉత్తరాన్నే మొదటి పత్రంగా పెడతాను.

కొటేషన్, బిల్లు, జీఎస్టీ పోర్టల్ కాపీ, చాట్, రెండు పేజీల స్క్రీన్‌షాట్లు, ఇంజనీర్ రిపోర్టు, ఊడిన రాడ్డు, స్లాబు ఫొటోలు ఈ లేఖతో పాటు పంపుతున్నాను. ఇంజనీర్ వచ్చే ముందు రోజు ఫోన్ చేయమనండి, పూత తీసిన చోటు నేనే దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్,
పెదవాల్తేరు, విశాఖపట్నం