టైరు మార్చే ముందు ట్రైలర్ కింద చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

అమెరికాలో మన తెలుగు కుటుంబాలు బండి వెనక ట్రైలర్ ఇల్లు తగిలించుకుని పార్కులు తిరిగి రావడం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. లోపల మంచం ఎక్కడ, పొయ్యి ఎక్కడ, ఫ్రిజ్ ఎక్కడ అన్నీ రాశారు. ఆ ఇంటిని మోసే కమాన్ల గురించి, అంటే కింద బరువు మోసే ఇనప పట్టాల స్ప్రింగుల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీ గ్యారేజీలో పనిచేశాను, అందులో సగానికి పైగా కమాన్ల దగ్గరే. అందుకే ఈ ఉత్తరం.

నేనూ మా ఆవిడా ప్రస్తుతం డాలస్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నాం. వాడు సెకండ్‌హ్యాండ్‌లో 24 అడుగుల ట్రైలర్ కొన్నాడు. రెండు యాక్సిళ్లు (రెండు పక్కల చక్రాల్నీ కలిపే ఇరుసులు), ఒక్కోటి 3,500 పౌండ్లు మోసేది. నిరుడు ఎడమ పక్క ముందు కమాన్‌లో ఒక పట్టా విరిగితే వర్క్‌షాప్‌లో కొత్త కమాన్ వేయించాడు. అప్పటి నుంచి ఎనిమిది నెలల్లో ఎడమ పక్క టైర్లు రెండుసార్లు మార్చాడు. టైరు క్వాలిటీ బాలేదన్నారు, ఖరీదైనవి వేశాడు. బండి వెనక ట్రైలర్ ఊగుతోందంటే ఊగకుండా పట్టే హిచ్ (బండికి ట్రైలర్‌ని తగిలించే కొక్కెం) అమ్మారు, అదీ బిగించాడు. ఇన్ని డబ్బులు పోశాక కూడా కిందకి దూరి చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

పోయిన నెల అందరం టెక్సస్‌లోనే ఉన్న పాలో డ్యూరో లోయ చూడ్డానికి బయల్దేరాం. 287 నంబరు రోడ్డు, ఎదురుగాలి. చిల్డ్రెస్ అనే ఊళ్లో పెట్రోలు కోసం ఆగాం. బస్సు ఆగితే చుట్టూ ఒకసారి తిరిగి రావడం నాకు ఒంట్లో పట్టేసిన అలవాటు. కుడి పక్క రెండు టైర్ల మధ్య సందులో వేళ్లు పెట్టి చూశాను, ఆరు వేళ్లు పట్టాయి. ఎడమ పక్క నాలుగే పట్టాయి. గుండె జారిపోయింది. ముందు సీట్లో కోడలు, వెనక మనవలు ఇద్దరూ చిప్స్ తింటున్నారు. గంటకి అరవై మైళ్ల మీద వచ్చాం.

తర్వాత టైరు మీద అరచెయ్యి అడ్డంగా రాశాను. లోపలి నుంచి బయటికి రాస్తే నున్నగా పోతోంది, బయటి నుంచి లోపలికి రాస్తే రంపప్పళ్లలా చేతికి తగులుతోంది. ఎడిటర్ గారూ, టైరు ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేదు. నడిమధ్య అరిగితే గాలి ఎక్కువైనట్టు, రెండంచులూ అరిగితే గాలి తక్కువైనట్టు, రెండు పక్కల టైర్లకీ లోపలి అంచే అరిగితే బరువుకి యాక్సిల్ వంగినట్టు. ఇలా రంపప్పళ్లు తేలితే మాత్రం చక్రం తిన్నగా దొర్లడం లేదు, రోడ్డు మీద ఈడ్చుకుపోతోంది. అలాంటప్పుడు ఎంత ఖరీదైన టైరు వేసినా అరిగిపోతుంది.

'ఇక్కడి నుంచి కదలొద్దురా' అన్నాను. 'ఇంకో వంద మైళ్లే కదా నాన్నా, మెల్లగా పోదాం' అన్నాడు అబ్బాయి. ఒప్పుకోలేదు. ఊరి చివర పశువుల ట్రైలర్లు బాగుచేసే షెడ్డు ఉందంటే అక్కడికి మాత్రం నడక వేగంతో తీసుకెళ్లాం.

ఆ షెడ్డు పెద్దాయనకి నా వయసే ఉంటుంది. ఆయన మాట నాకు సగమే అర్థమైంది, నా మాట ఆయనకి అదీ లేదు. ఒక దారానికి నట్టు కట్టి గుండులా వేలాడదీసి, ముందున్న హిచ్ గుంట నుంచి యాక్సిల్ రెండు చివరలకీ టేపు పట్టాను. ఆయనకి వెంటనే అర్థమైంది, టేపు రెండో కొస తనే పట్టుకున్నాడు. రెండు పక్కలా తేడా ⅛ అంగుళం దాటకూడదు. మాకు అంగుళంన్నర వచ్చింది.

మా మనవడు టార్చ్ పట్టుకుంటే ఇద్దరం కిందకి దూరాం. కొత్త కమాన్ వేసినప్పుడు, యాక్సిల్‌ని కమాన్‌కి కట్టి ఉంచే యూ బోల్టులు గట్టిగా బిగించలేదు, కొంత దూరం నడిచాక మళ్లీ బిగించాలన్న మాటా మా వాడికి చెప్పలేదు. కొత్త కమాన్ నాలుగు రోజులు నడిచాక సర్దుకుంటుంది, బోల్టులు కొంచెం వదులవుతాయి. అందుకే గ్యారేజీలో బస్సుని మళ్లీ పిలిచి బిగించేవాళ్లం. ఇక్కడ వదులైన బోల్టుల మధ్య యాక్సిల్ అటూ ఇటూ కొట్టుకుని, పట్టాలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్ట్ తెగిపోయింది. యాక్సిల్ కమాన్ మీద వెనక్కి జారింది. పెయింటు లేచిపోయి మెరుస్తున్న ఇనుము మీద అది ఎంత దూరం జారిందో గీత గీసినట్టు కనపడింది.

అది చూశాక మిగతావీ విప్పించాను. ఈ ట్రైలర్లలో ముందు కమాన్‌కీ వెనక కమాన్‌కీ మధ్య త్రాసు కాడలా ఒక ముక్క ఊగుతుంటుంది, ఈక్వలైజర్ అంటారు. ముందు చక్రం గుంటలో పడితే ఆ బరువు కొంత వెనక చక్రానికి పంచుతుంది. దాని బోల్టుకీ, కమాన్ కొసల్ని దానికి తగిలించే షాకిల్ పట్టీల బోల్టులకీ ఫ్యాక్టరీలో వేసినవి నైలాన్ బుష్‌లు, అంటే ఇనుముకి ఇనుము రాసుకోకుండా మధ్యలో వేసే తొడుగులు. అవి నలిగి నానిన అట్టముక్కల్లా బయటికి వచ్చాయి. బుష్ పోయాక బోల్ట్ ఇనుము మీదే తిరిగి, షాకిల్ పట్టీలో గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయింది. బోల్ట్ నడుము దగ్గర సన్నబడింది. దాన్ని చేతిలో పెడితే మా అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు.

మన బస్సులకి గన్‌మెటల్ బుష్, గ్రీజు ఎక్కించే నిప్పిల్ ఉంటాయి. ఇక్కడా ఇత్తడి రంగు బ్రాంజ్ బుష్‌లు, గ్రీజు పోసే బోల్టులు, మందమైన షాకిల్ పట్టీలు కిట్‌గా దొరుకుతాయి. అవే వేయించాం. ఈ బోల్టుల మెడ దగ్గర గీతలుంటాయి, అవి పట్టీలో కరుచుకుని కూర్చోవాలి. స్పానర్‌తో బోల్టు తల తిప్పితే ఆ గీతలు చెరిగిపోతాయి, కాబట్టి దెబ్బ కొట్టి దించి నట్టు మాత్రమే తిప్పాలి. గ్రీజు వచ్చే రంధ్రం గడియారంలో మూడు గంటల వైపో తొమ్మిది గంటల వైపో ఉండాలి, బరువు నొక్కే చోట పెడితే గ్రీజు పోదు. సెంటర్ బోల్ట్ కొత్తది, యూ బోల్టులూ కొత్తవే. ఒకసారి బిగించి సాగిన యూ బోల్ట్‌ని మళ్లీ వాడకూడదు. ఎంత బిగువో కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో ఎదురెదురుగా మార్చి మార్చి బిగించాం.

నేను కొత్తగా నేర్చుకున్నదీ ఒకటుంది. బస్సుకి యాక్సిల్ కిందే జాకీ పెట్టేవాళ్లం. నేను అలాగే పెట్టబోతే ఆ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ట్రైలర్ యాక్సిల్ బోలు గొట్టం, దాని నడుం కింద జాకీ పెడితే వంగిపోతుంది. ఫ్రేమ్ కిందే పెట్టాలి.

మర్నాడు ట్రక్కులు ఆగే చోట కాటా మీద తూచాం. లోపల నీళ్ల ట్యాంకు 40 గ్యాలన్లు, నిండా నింపితే అదొక్కటే 330 పౌండ్లు దాటుతుంది. దానికి తోడు బియ్యం బస్తాలు, కుక్కర్లు, గ్యాస్, ఆరుగురి సామాను. రెండు యాక్సిళ్ల మీదా కలిపి 7,000 పౌండ్లకి కాస్త తక్కువలో ఉన్నాం. ట్యాంకులో నీళ్లు సగం వదిలేయించాను. పార్కులో కుళాయి ఉన్నప్పుడు ఆ నీళ్లు దారంతా మోసుకుపోవాల్సిన పనేముంది? బరువు ముందుకి సర్దించాను కూడా, ఎందుకంటే మొత్తం బరువులో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా హిచ్ మీద పడకపోతే ట్రైలర్ తోక ఊపడం మానదు. అంతకుముందు సైకిళ్లూ టూల్ పెట్టెలూ అన్నీ వెనకే పెట్టేవాళ్లు.

ఇదంతా రాయడానికి కారణం, ఇక్కడ మా వీధిలోనే మరో రెండు తెలుగు ఇళ్ల ముందు ఇలాంటి ట్రైలర్లు నిలబెట్టి ఉన్నాయి. సెలవుల్లో మన దగ్గర నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకుని బయల్దేరతారు. పిల్లలు కంప్యూటర్ పనుల్లో దిట్టలు, కానీ కమాన్ అంటే వాళ్లకి తెలిసే అవకాశం ఎక్కడుంది? నేను ఆ రెండు ట్రైలర్ల కిందకీ దూరి చూశాను. ఒకదానికి కుడి పక్క బుష్ పూర్తిగా పోయింది. వాళ్లు వచ్చే వారం కొలరాడో వెళ్లాల్సింది, ఆపించాను. ఆ ఇంటి కోడలి అత్తగారు అనంతపురం నుంచి ఫోన్ చేసి నాతో మాట్లాడారు.

మీ పాఠకుల్లో చాలామందికి పిల్లలు ఇక్కడ ఉన్నారు. ఫోన్ చేసినప్పుడు భోజనం చేశావా అని అడిగినట్టే, ట్రైలర్ ఉంటే టైర్ల మధ్య సందు రెండు పక్కలా ఒకేలా ఉందో లేదో వేళ్లతో చూడమని చెప్పండి. చక్రం నట్లు మొదటి యాభై మైళ్లకి మళ్లీ బిగించమనండి. మా వాడు తిరుగు దారిలో అదే చిల్డ్రెస్‌లో ఆగి యూ బోల్టులకి రెంచ్ పెట్టాడు, ఒకటి పావు చుట్టు తిరిగింది. తర్వాత తనే సందులో వేళ్లు పెట్టి చూసుకున్నాడు, రెండు పక్కలా ఆరు వేళ్లు.

ఇట్లు,
విశ్రాంత ఆర్టీసీ మెకానిక్,
గుడివాడ (ప్రస్తుతం డాలస్)