పుల్లలు అందించే అగ్గిపెట్టె: పని ఎంతదాకా వచ్చింది, ధర ఎందుకు పెరిగింది

నిలబెట్టే అగ్గిపెట్టె కోసం, అట్టపెట్టెలు చేసే మాకు ముందే చెప్పి ఉంచిన నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట అంగళ్ళకీ, కావలి, ఒంగోలు పూజా సామాన్ల దుకాణాలకీ, టీ అంగళ్ళ వాళ్ళకీ ఈ కబురు. పెట్టె డిజైను ఖాయమైంది. అట్టని కోసే అచ్చు (డై) తయారైంది. మొదటి విడత అట్టలు కోసి, అతికించి ఉన్నాయి. అయితే కార్తీకానికి మీరు అడిగినంత సరుకు ఇవ్వలేం, ధర కూడా మీరు అనుకున్నదానికన్నా ఎక్కువే. రెండింటికీ కారణాలు కింద ఉన్నాయి, మొదటిది ఇదీ: ఒక పుల్ల గీసే సమయానికి మిగతా పుల్లల తలలు పూర్తిగా మూసుకుపోయి ఉండాలని పట్టుబట్టాం. అది అట్టతో ఎలా కుదిరిందో, ఎక్కడ ఇరుక్కుంటుందో మీకు తెలిస్తే కొనేవాళ్ళకి మీరే చెప్పగలరు.

మీరు అడిగింది 200 పుల్లలు పట్టి, అలమరలో నిలబడి, కింది నోట్లోంచి పుల్ల అందించే పెట్టె. బియ్యం డబ్బాకి అడుగున తలుపు పెట్టినట్టు. దీనికి సులువైన దారి, అట్టపెట్టెకి కింద ముందువైపు ఒక చీలిక కోసి వదిలేయడం. ఖర్చూ తక్కువే. కానీ ఆ చీలిక దగ్గర పుల్లల తలలు ఎప్పుడూ బయటికే ఉంటాయి. గీసినప్పుడు రవ్వ ఎగురుతుంది, ఒక్కోసారి తల చిట్లి మండుతూనే కింద పడుతుంది. అది నోట్లో పడితే 200 పుల్లలూ ఒక్కసారే అంటుకుంటాయి. అలాంటి పెట్టె మేము చేయం.

ఈ జాగ్రత్త కొత్తదేం కాదు. ఇప్పుడు మనం వాడే పుల్ల తలలో పొటాషియం క్లోరేటు ఉంటుంది, ఎర్ర భాస్వరం మాత్రం పెట్టె పక్కన పట్టీలో ఉంటుంది. రాసుకుంటే మండే ఆ రెండింటినీ అలా విడదీసే పద్ధతి 1844లో స్వీడన్‌లో గుస్టాఫ్ ఎరిక్ పాష్‌తో మొదలైంది. అందుకే దీన్ని సేఫ్టీ అగ్గిపుల్ల అంటారు. అమెరికాలో అట్ట మడతలో పుల్లలు కుట్టిన అగ్గిపెట్టెకి 1892లో జాషువా ప్యూసీ పేటెంట్ తీసుకున్నప్పుడు గీసే పట్టీ లోపలే, పుల్లల పక్కనే ఉండేది. తర్వాత పట్టీ బయటికి వచ్చింది, 1970లలో వెనక వైపుకి మారింది. పుల్లలున్న చోటుకి పట్టీని ఎంత దూరం పెడితే అంత మంచిదని అందరూ ఒప్పుకున్న సంగతే.

మా పెట్టెలో రెండు భాగాలు: బయట తొడుగు, లోపల పుల్లలుండే గూడు. మామూలు అగ్గిపెట్టె సూత్రమే, నిలువుగా తిప్పాం. తొడుగుకి అడుగు ఉంది, గూడు దాని మీద కూర్చుంటుంది. గూడుకి కింద ముందువైపు నోరు, తొడుగుకి అంతకన్నా పైన ఒక కిటికీ. బొటనవేలితో గూడుని 18 మి.మీ. పైకి నెడితే నోరూ కిటికీ ఎదురెదురుగా వస్తాయి. పుల్ల తీసుకుని వేలు వదిలేస్తే గూడు తన బరువుకి తనే కిందికి జారి మూసుకుపోతుంది. పెట్టెని తొడుగు పట్టుకుని ఎత్తినా గూడు అడుగునే ఉంటుంది కాబట్టి చేతిలో ఉన్నప్పుడు నోరు తెరుచుకోదు. మొదట వచ్చిన ఆలోచన తొడుగునే పైకి ఎత్తి నోరు తెరవడం. అది చూడ్డానికి బాగుంటుంది కానీ తొడుగు పట్టుకుని ఎత్తగానే గూడు జారి నోరు తెరుచుకుంటుంది, మనిషి సరిగ్గా ఆ స్థితిలోనే గీస్తాడు.

కొలతలు చెబుతాం. పుల్ల పొడవు 43 మి.మీ., గూడు లోపలి వెడల్పు 46. ముందు నుంచి వెనక్కి 24, ఎత్తు 95. నోటి ఎత్తు 9 మి.మీ. ఈ తొమ్మిది దగ్గరే చాలా పని జరిగింది. 5, 6 మి.మీ. పెడితే పుల్లలు ఒకదానికొకటి ఆనుకుని కమానులా కట్టుకుపోయి ఆగిపోతాయి. గింజలైనా పుల్లలైనా నోరు వాటి మందానికి మూడు రెట్లకి తగ్గితే ఈ తంటా తప్పదు. తల మందం మూడు మి.మీ. లోపే కనుక తొమ్మిది సరిపోయింది. 12 పెడితే గుప్పెడు పుల్లలు ఒకేసారి వచ్చేస్తాయి. తొడుగు కిటికీ కింది అంచు, గూడు నోటి అడుగు కన్నా 2 మి.మీ. పైకి ఉంటుంది. ఆ గట్టే ముందు పుల్లని ఆపుతుంది. వేలికి పుల్ల నడుము దొరకడానికి నోటికీ కిటికీకీ పై అంచులో 6 మి.మీ. అర్ధచంద్రాకారం కోశాం. అందుకే ప్రయాణం 18 అయింది: నోరు 9, అర్ధచంద్రం 6, మిగతా 3. ఆ 3కి గట్టు 2 కలిస్తే మూసుకున్నప్పుడు రెండింటి మధ్య అడ్డు 5.

గూడు అడుగు బల్లపరుపు కాదు, వెనక నుంచి ముందుకి 35 డిగ్రీల వాలు. పొడి కాలంలో అంతకన్నా తక్కువ వాలు మీద కూడా పుల్లలు జారతాయి గానీ మన వానాకాలంలో అట్ట చెమ్మ పట్టితే కదలవు. వెనక వైపు ఎత్తు 17 మి.మీ. వస్తుంది, ఆ కింద ఖాళీ. దాన్ని చూసి పుల్లలు తక్కువ పోశారని ఎవరైనా అడిగితే సంగతి ఇదీ.

ఇక ఎవరూ పట్టించుకోని చిక్కు ఒకటుంది. పుల్ల రెండు మి.మీ. మందం, తల దాదాపు 2.8. తలలన్నీ ఒకే వైపు పెట్టి పేరిస్తే ఒక్కో వరసకి 0.8 మి.మీ. తేడా వస్తుంది. 28 వరసలకి అది 22 మి.మీ. దాటుతుంది. పైనున్న పుల్లలు ఏటవాలుగా ఒరిగి గోడలకి తన్నుకుంటాయి, ఇక కిందికి దిగవు. చిన్న పెట్టెలో నాలుగైదు వరసలే కాబట్టి అక్కడ ఇది కనిపించదు. అందుకని 25 పుల్లల తలలు ఎడమకి, తర్వాతి 25 కుడికి, ఇలా మార్చి మార్చి పేర్చాలి. ఒక విడతలో పడ్డ వంపుని తర్వాతి విడత సరిచేస్తుంది. పైన 8 నుంచి 10 మి.మీ. ఖాళీ వదలాలి. కిక్కిరిసి నింపితే లారీ కుదుపుకి పుల్లలు బిగుసుకుపోతాయి.

నింపడం, గీసే మందు పూయడం మా పని కాదు. శివకాశి, కోవిల్‌పట్టి వైపు అగ్గిపెట్టెల తయారీదారుల దగ్గరికి మా అట్టలు పంపి నింపించి తెప్పిస్తాం. మిషను ఒకే దిక్కుకి పేర్చుతుంది, మనం అడిగిన పేర్పు చేతిపని. ధరలో మొదటి బరువు అదే.

రెండోది గీసే పట్టీ. మామూలు చిన్న పెట్టెకి రెండు పక్కలా పట్టీ ఉంటుంది, 50 పుల్లలకి. మాకు నోరు ముందువైపు కాబట్టి పట్టీ వెనక మాత్రమే, పైగా 200 పుల్లలకి చాలాలి. అందుకే 44 మి.మీ. వెడల్పు, 75 మి.మీ. ఎత్తున పూయిస్తున్నాం. కింది 25 మి.మీ. ఖాళీగా వదిలాం, ఆ ఎత్తులోనే ముందువైపు నోరుంది కనుక. ఈ పట్టీ స్థలంలో వార్నిష్ ఉండకూడదు, ఉంటే మందు పొట్టులా లేస్తుంది. అంగడి పేరు వెనక వేయమని అడిగినవాళ్ళకి అందుకే కుదరదన్నాం. ముందువైపు కిటికీ పైన దాదాపు 50 మి.మీ. ఎత్తు, 47 వెడల్పు చోటుంది, అక్కడ వేస్తాం.

అట్ట సంగతి. తొడుగుకి 350 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 350 గ్రాముల) గ్రే బ్యాక్ డూప్లెక్స్, అంటే ముందు తెలుపు, వెనక బూడిదరంగు ఉండే అట్ట. గూడుకి 300 జీఎస్‌ఎం వైట్ బ్యాక్, నున్నని వైపు లోపలికి. గ్రే బ్యాక్ లోపల పెడితే దాని నూగు రాలి వాలు మీద పేరుకుంటుంది, పుల్లలు ఆగుతాయి. అన్నిటికన్నా ముఖ్యం నార దిశ. అట్ట చెమ్మ పీలిస్తే నార వెంట కొద్దిగా, నారకి అడ్డంగా దానికి రెండు మూడింతలు సాగుతుంది. నార పెట్టె చుట్టూ తిరిగేలా కోస్తే చుట్టుకొలత పెద్దగా మారదు, ఎత్తు మాత్రం కాస్త పెరుగుతుంది, దానివల్ల నష్టం లేదు. నార నిలువుగా ఉంటే వానలప్పుడు గూడు తొడుగులో బిగుసుకుంటుంది. దీనికి ఒక ఇబ్బంది ఉంది: నారకి అడ్డంగా మడిచినప్పుడు రంగు పూత పగులుతుంది. అందుకే మడత కోసం కొట్టే క్రీజు గాడి వెడల్పు లెక్క తప్పకూడదు. అట్ట మందానికి ఒకటిన్నర రెట్లు, దానికి గాడి నొక్కే బద్ద (క్రీజింగ్ రూలు) మందం కలపాలి. 0.4 మి.మీ. అట్టకి, 0.7 రూలుకి గాడి 1.3 మి.మీ.

గూడుకీ తొడుగుకీ మధ్య మొత్తం సందు 1 మి.మీ. పెట్టాం. 0.6 ఎండాకాలంలో హాయిగా జారుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో కురిసే వానలకి బిగుస్తుంది. 1.5 పెడితే గూడు పక్కకి ఒరిగి పుల్ల కొన సందులో దూరుతుంది. పుల్లలు నిండుగా ఉన్నప్పుడు గూడు బరువుకి ఎలాగూ జారుతుంది. అసలు పరీక్ష పుల్లలైపోవచ్చినప్పుడు. 200 పుల్లలు కలిపి 20 గ్రాములు, ఖాళీ గూడు పది గ్రాముల లోపు. ఆ కొద్ది బరువుకే అది దిగాలి. అందుకని అతికించిన ప్రతి పెట్టెనీ ఖాళీగా పైకి నెట్టి వదిలి చూస్తున్నాం. మధ్యలో ఆగితే పక్కన పడేస్తాం. మీకు సరుకు వచ్చినప్పుడు ఒక్కో కట్టలో మూడు తీసి ఇలాగే చూడండి. ఒక్కటి ఆగినా కట్ట మొత్తం వెనక్కి పంపండి.

గూడు తనే జారి మూసుకోవాలంటే కొలత తప్పకూడదు కనుక ముసురు పట్టిన రోజుల్లో డై కొట్టలేదు, ఆలస్యం అందువల్లే. చెమ్మ పట్టిన అట్టని కోస్తే ఆరాక కొలత మారుతుంది, క్రీజు దగ్గర నలుగుతుంది, జిగురు ఆరదు. షీట్లని పాలిథిన్‌లో చుట్టి ఉంచి, మిషను గదిలో ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చాకే కొడుతున్నాం. కాబట్టి కార్తీకానికి అడిగినవాళ్ళందరికీ సగం సగం ఇస్తాం. ముందు అడిగినవాళ్ళకి మొత్తం, మిగిలినవాళ్ళకి సున్నా అనే పద్ధతి పెట్టుకోలేదు.

ధర. పెట్టె మీద 18 రూపాయలు, అంగళ్ళకి 14. డజన్లలో అయితే 168. 2021 డిసెంబరులో చిన్న పెట్టె రూపాయి నుంచి రెండు రూపాయలైంది. 50 పుల్లల లెక్కన నాలుగు పెట్టెలు 8 రూపాయలకే వస్తాయి. పుల్లల కోసం మాత్రమే అయితే మా పెట్టె కొనమని ఎవరికీ చెప్పొద్దు. తడి చేతులుండే వంటింటికి, రోజుకి పదిసార్లు దీపం వెలిగించే గుడికి, టీ అంగడి గట్టుకి ఇది పనికొస్తుంది. పుల్లలైపోయాక పైమూత తెరిచి చిన్న పెట్టెల పుల్లలు పేర్చుకోవచ్చు, 25, 25 దిక్కు మార్చి. 40 మి.మీ. కన్నా పొట్టి పుల్లలు వేయొద్దు, గూడులో అడ్డం తిరుగుతాయి. వెనక పట్టీ అరిగిపోతే చిన్న పెట్టె పక్కల్ని కత్తిరించి ఫెవికాల్‌తో అతికించుకోండి, ఆ పని పుల్లలు నింపకముందే చేయండి.

మైనపు పుల్లలు ఇందులో వాడొద్దు. మన ఎండలకి మెత్తబడి వంగుతాయి, ఒకదానికొకటి అంటుకుంటాయి. పెద్ద పూజా పుల్లలు పట్టవు.

ఒక్కో పుల్లే రావాలని కొందరు అడిగారు. గాడి ఉన్న చక్రం తిప్పితే ఒక్కో పుల్ల పడే ఏర్పాటు ప్లాస్టిక్‌లో కుదురుతుంది. అట్టతో చేస్తే గాడి అంచులు త్వరగా మెత్తబడి రెండు పుల్లలు దూరతాయి, తలలు రాసుకుని మందు రాలుతుంది. మా పెట్టెలో వేలికి ఒకటి దొరుకుతుంది, అప్పుడప్పుడూ రెండు. చివరి ఎనిమిది పది పుల్లలకి వెనక నుంచి తోసే బరువు ఉండదు, పెట్టెని కాస్త ముందుకి వంచాలి.

కొనేవాళ్ళకి తప్పకుండా చెప్పాల్సింది ఒకటే. పుల్ల సగం బయటికి వచ్చి కిటికీలో ఇరుక్కుంటే గూడు దిగదు. ఆ స్థితిలో గీయకూడదు. పుల్లని పూర్తిగా లాగాలి, లేదా లోపలికి నెట్టాలి, గూడు దిగి తొడుగు అడుగుకి తగిలాకే వెనక పట్టీ మీద పైకి గీయాలి. పొయ్యికి ఆనించి, ఆవిరి తగిలే చోట పెట్టొద్దు. తలలోని జిగురు చెమ్మకి మెత్తబడి, గీసినప్పుడు మందు పట్టీకి అంటుకుంటుంది గానీ వెలగదు. పిల్లలకి అందని ఎత్తులో ఉంచమని పెట్టె పక్కన అచ్చు వేశాం. పుల్లల సంఖ్య, ధర, నెల, సంవత్సరం కూడా అక్కడే ఉంటాయి.

నింపిన పెట్టెలు పోస్టులో, కొరియర్‌లో పంపం. నెల్లూరు, కావలి, ఒంగోలు అంగళ్ళకి మా బండి వస్తుంది. ఖాళీ పెట్టెలు మడిచి కావాలంటే ఎక్కడికైనా పంపుతాం, ఒక్కోటి 6 రూపాయలు, వెనక పట్టీ లేకుండా. పేరు అచ్చు వేయించుకునేవాళ్ళు బొమ్మని 47కి 50 మి.మీ. కొలతలో ఇవ్వండి, నాలుగు అంచులా 3 మి.మీ. లోపలే అక్షరాలు ఉండేలా చూడండి.