భోజనమయ్యాక తీపి: శ్రీధర్‌కు నాన్న ఉత్తరం

చిరంజీవి శ్రీధర్‌కు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా కుశలం. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది. కంటి ఆపరేషన్ అయ్యాక బాబాయి మళ్ళీ పేపరు చదువుతున్నాడు. నీ దగ్గర నుంచి ఫోను వచ్చి చాలా రోజులైంది గాని, పని ఒత్తిడిలో ఉంటావని సరిపెట్టుకున్నాము. మొన్న సరళ పిన్ని వచ్చి, నీ దగ్గర ఉన్నన్నాళ్ళ విశేషాలు చెప్పింది. ఇల్లు శుభ్రంగా పెట్టుకున్నావట, బాగా సన్నబడ్డావట. మాటల మధ్యలో, రాత్రి భోజనమయ్యాక నీ మనసు తీపి మీదకు పోతోందని కూడా అన్నది గాని, దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు.

నువ్వు తిన్న ప్రతిదానికీ ఫోనులో కేలరీలు రాసుకుంటున్నావని విని ముచ్చటపడ్డాను. లెక్క రాసే అలవాటు మన ఇంట్లో ఎవరికీ అబ్బలేదు, నీకైనా అబ్బినందుకు సంతోషమే. అయితే రోజుకు 1,200 అని హద్దు పెట్టుకున్నావని పిన్ని చెప్పినప్పుడు, ఆమె పొరపాటున విని ఉంటుందని అనుకున్నాను. సగటు మగవాడికి రోజుకు సుమారు 2,500 కేలరీలు కావాలని లెక్క కడతారు. ఒక కిలో కొవ్వు కరగడానికి దాదాపు 7,700 కేలరీల లోటు కావాలి కాబట్టి, రోజుకు 500 తగ్గించుకున్నా వారానికి అరకిలోకు కాస్త అటూ ఇటూగా తగ్గుతావు. అది చాలదా? పెళ్ళిచూపులేమైనా ముంచుకొచ్చాయా? అలాంటిదేదైనా ఉంటే మీ అమ్మకు ముందు చెప్పు, నాకు తరువాత చెప్పినా ఫరవాలేదు.

భోజనమయ్యాక తీపి మీదకు మనసు పోవడం నీ ఒక్కడికే ఉన్న జబ్బు కాదు. కడుపు నిండుగా తిని, ఇంకొక ముద్ద కూడా వద్దన్న మనిషి, తీపి కనబడగానే చెయ్యి చాపడం అందరమూ చూసినదే. దీన్ని బార్బరా రోల్స్ అనే శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసినవారు 1981లో పరీక్షించి చూపించారు. ఒక రుచిని తింటూ పోయేకొద్దీ ఆ రుచి మీద ఇష్టం తగ్గుతుందే గాని, అప్పటిదాకా తినని రుచి మీద అంతగా తగ్గదట. భోజనమంతా ఉప్పూ కారమే కాబట్టి, చివరికి నాలుక తీపినే అడుగుతుంది. దానికి తోడు ఒంటిలోని గడియారం కూడా ఆకలిని పొద్దున్న తగ్గించి, సాయంకాలానికి పెంచుతుంది. అందుచేత రాత్రి తొమ్మిదికి తీపి తినాలనిపించిందంటే నీకు మనోనిబ్బరం లేదని ఎవరూ అనరు. పిన్ని కూడా అలా అనలేదు.

ఆమె అన్నది వేరు. ఆమె చూసినదే చూసినట్టు రాస్తున్నాను, తప్పయితే తప్పని చెప్పు. రాత్రి కంచం ముందు కూర్చుని నాలుగు ముద్దలు తిని లేస్తున్నావట. ఇంకాస్త తినమంటే లెక్క అయిపోయిందంటున్నావట. ఆమె పడుకున్నాక, పదకొండు దాటిన తరువాత, వంటింట్లో లైటు కూడా వేయకుండా ఫ్రిజ్ తలుపు తెరిచి, ఆ వెలుతురులోనే నిలబడి చాక్లెట్ తింటున్నావట. ఖాళీ కాగితాన్ని చెత్తబుట్టలో అడుక్కి, కూరగాయల తొక్కల కిందకు తోసేశావట. చాక్లెట్ తిన్నందుకు నాకేమీ బాధ లేదు. ఆ కాగితాన్ని తొక్కల కింద దాచావన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

పగలంతా ఒంటికి బాకీ పడితే, రాత్రి అది వడ్డీతో వసూలు చేసుకుంటుంది. 1944, 1945 సంవత్సరాలలో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు వారి ఇష్టంతోనే ఆరు నెలలపాటు సగం తిండి పెట్టి చూశాడు. వాళ్ళకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయిందట, కలల్లోనూ భోజనాలే వచ్చేవట, వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదువుకున్నారట. వాళ్ళు తిండిపోతులేమీ కారు. నిద్ర కూడా అంతే. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను 28 శాతం పెరిగి, చాలునని చెప్పే లెప్టిన్ అనే హార్మోను 18 శాతం తగ్గింది. వాళ్ళ మనసు తీపి వైపు, ఉప్పటి చిరుతిళ్ళ వైపు మళ్ళింది. నువ్వు పదకొండింటికి ఫ్రిజ్ దగ్గర ఉంటున్నావంటే ఎన్నింటికి పడుకుంటున్నట్టు?

ఈ సందర్భంలో మీ పెద్ద మామయ్య సంగతి చెప్పాలి. అప్పటికి నువ్వు బాగా చిన్నవాడివి. ఆయనను బరువు తగ్గమని డాక్టరు చెప్పిన మర్నాడే, ఏ పనినీ సగంలో వదలని మీ పెద్దత్త చక్కెర డబ్బాను తీసుకువెళ్ళి బీరువాలో చీరల వెనక పెట్టి తాళం వేసింది. మామయ్య పల్లెత్తు మాట అనలేదు. రాత్రి భోజనంలో సగం తగ్గించి, ఆకలే వేయడం లేదని అందరితో చెప్పి, బుద్ధిమంతుడనిపించుకున్నాడు. నెల తిరిగేసరికి బరువు తగ్గకపోగా కిలోన్నర పెరిగింది. అత్త ముందు ఆఫీసు క్యాంటీన్‌ను అనుమానించి క్యారేజీ కట్టి పంపింది. తరువాత తూకం యంత్రాన్ని అనుమానించి వేరే చోట తూయించింది. ఈలోగా పిల్లల పాలలో కలిపే పొడి డబ్బా రెండు వారాలకే ఖాళీ అవుతుంటే, ఆ నేరాన్ని వాళ్ళ అమ్మాయి రమణి మీద మోపి, పొడి బొక్కుతున్నావంటూ రోజూ తిట్టింది. తనకు ఆ పొడి వాసనే పడదని రమణి మొత్తుకున్నా వినిపించుకోలేదు.

ఆ రోజుల్లో మీ అమ్మ నిన్ను తీసుకుని అక్కడికి వెళ్ళింది. అర్ధరాత్రి నీకు నీళ్ళు పట్టడానికి లేస్తే, వంటింటి చీకట్లో డబ్బా అడుగును చెంచా గీరుతున్న చప్పుడు వినబడింది. ఎలుకేమోనని లైటు వేసి చూస్తే, గోడకు వీపు ఆనించి మామయ్య నిలబడి ఉన్నాడు. నోట్లో చెంచా, మీసాల మీద గోధుమరంగు పొడి! పొడి అంగిలికి అతుక్కుపోయి నోట మాట రాక, నీళ్ళ బిందె వైపు చెయ్యి చూపించాడు. అమ్మ ఏమీ అడగకుండా గ్లాసు అందించింది. తాగి, గొంతు సవరించుకుని ఆయన అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? ‘పాపం, మీ వదిన రమణిని అనవసరంగా తిట్టింది’ అన్నాడు. రమణి ఈనాటికీ ఆ మాట చెప్పి ఆయనను ఏడిపిస్తుంది. ఆ పొడిలో 100 గ్రాములకు 380 కేలరీలకు అటూ ఇటూగా ఉంటాయి. గుప్పెడు 50 గ్రాములనుకున్నా 190. అంతకుముందు ఆయన అందరి ముందూ కూర్చుని తిన్న తీపి అందులో సగం కూడా ఉండేది కాదు. తెల్లవారాక మీ అమ్మమ్మ చక్కెర డబ్బాను బీరువాలోంచి తీయించి యథాస్థానంలో పెట్టించింది. మామయ్యకు భోజనం సరిగా పెట్టి, చివర్లో చిన్న గిన్నెలో కొంచెం తీపి ఆమే వడ్డించేది. ఏడాది తిరిగేసరికి ఆయన ప్యాంట్లన్నీ నడుము దగ్గర బిగించి కుట్టించుకున్నాడు.

నీకు ఉపన్యాసం ఇవ్వాలని కూర్చోలేదు గాని, ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి చెబుతాను. ముందు ఆ 1,200ను మార్చు. రాత్రి భోజనంలో పప్పో గుడ్డో పెరుగో తప్పకుండా ఉండాలి, కూర ఎక్కువగా ఉండాలి. మాంసకృత్తులూ పీచూ ఉన్న భోజనం ఎక్కువసేపు ఆకలి తెలియనివ్వదు. ఫోను పక్కన పెట్టి నెమ్మదిగా తిను. తరువాత తీపి తినాలనిపిస్తే తిను, కాకపోతే ఆ రోజు లెక్కలో 150 కేలరీలను పొద్దున్నే తీపి పేరున రాసి ఉంచు. మధ్యరకం ఆపిల్ ఒకటి దాదాపు 95, ముదురు చాక్లెట్ 10 గ్రాములు 60. రెండూ కలిపి తిన్నా ఆ హద్దుకు అటూ ఇటూగానే ఉంటావు. చాక్లెట్‌ను పొట్లంలోంచి నేరుగా తినకుండా ముక్క విరిచి పళ్ళెంలో పెట్టుకుని, మిగిలింది లోపల పెట్టి వచ్చి, కుర్చీలో కూర్చుని తిను. లైటు వేసుకుని తిను. అది అయ్యాక పళ్ళు తోముకుంటే, పేస్టులోని నురుగు పదార్థం వల్ల కాసేపు నాలుకకు తీపి సరిగా తెలియదు, మళ్ళీ లేవబుద్ధి కాదు.

తీపి తిండిలో మనం చక్కెరనే తిట్టుకుంటాము గాని, చక్కెర గ్రాముకు 4 కేలరీలైతే కొవ్వు గ్రాముకు 9. కేకుల్లోనూ క్రీము బిస్కెట్లలోనూ చాటుగా కూర్చునేది ఆ రెండోదే. అలాగని చక్కెరను వెనకేసుకు రావడం లేదు. విడిగా కలిపిన చక్కెరలు రోజు మొత్తం కేలరీలలో పదో వంతు దాటకూడదని, 5 శాతంలోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 2,000 కేలరీలు తినేవారికి అవి 50 గ్రాములు, 25 గ్రాములు అవుతాయి. తేనె, పండ్లరసం కూడా ఆ లెక్కలోకే వస్తాయి, పండును పండుగా తింటే రాదు. తేనె మంచిదని గరిటెలతో పోసుకోకు, పెద్ద చెంచాడు తేనె 64 కేలరీలు. ‘షుగర్ ఫ్రీ’ అని రాసి ఉన్న డబ్బాలు కొనకు. బరువు తగ్గడానికి చక్కెర బదులు వాడే తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని అదే సంస్థ 2023లో చెప్పింది. పైగా అలాంటి కొన్ని డబ్బాల్లో తీపి కోసం వేసే సార్బిటాల్ అనే పదార్థం ఎక్కువైతే కడుపు జారుతుంది. ఆ అనుభవం ఎలా ఉంటుందో బాబాయిని అడుగు, వివరంగా చెబుతాడు.

ఇవన్నీ చేసినా రాత్రిళ్ళు తినడం మొదలుపెడితే ఆపుకోలేకపోతున్నానని, లేదా తిన్నాక నీ మీద నీకే అసహ్యంగా ఉందని అనిపిస్తే, దాన్ని మనసులో పెట్టుకోకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పు. దానికి వైద్యం ఉంది. నాకు చెప్పడానికి మొహమాటమైతే మీ అమ్మకు చెప్పు. ఆమె లైటు వేసినా ఏమీ అడగదని మామయ్య విషయంలో తెలిసిందే కదా. ఎలాగూ వెళతావు కాబట్టి పరగడుపున చక్కెర పరీక్ష కూడా చేయించుకో. 100 లోపు ఉంటే నిశ్చింత. 100 నుంచి 125 మధ్య ఉంటే జాగ్రత్త పడాలి. 126 గాని, అంతకు మించి గాని వస్తే డాక్టరు మరొకసారి చేయించి నిర్ధారిస్తారు. తాతయ్య సంగతి నీకు తెలుసు కాబట్టి ఇంతగా చెబుతున్నాను.

పిన్నిని ఏమీ అనవద్దు, ఆమె నీ మంచికే చెప్పింది. ఈ ఆదివారం తప్పకుండా ఫోను చెయ్యి, భోజనం చేశాక చెయ్యి. పరీక్ష కాగితాన్ని ఫొటో తీసి రమణి ఫోనుకు పంపు, నా ఫోనులో అంకెలు సరిగా కనబడవు.

ఇట్లు,
నాన్న